నలుగురికి నాలుగు వంటలు చేస్తున్నాను, అందరికీ ఒకే వంట సరిపోయే దారి ఉందా?

మర్రిగూడ కోడలు:

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఇంట్లో నలుగురం: అత్తమ్మ, మా వారు, ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా బిడ్డ, నేను. దసరా తర్వాత మా వారికి షుగర్ ఉందని తేలింది. డాక్టరు గారు మాత్రలు రాసి, అన్నం తగ్గించమని, రోజూ నడవమని చెప్పారు. ఆ రెండు మాటలకు మిగతావన్నీ చుట్టాలూ, ఫోనులో వచ్చే వీడియోలూ కలిపారు. అన్నం విషమని ఒకరు, కొర్రలు తప్ప ఏదీ ముట్టవద్దని ఇంకొకరు, పొద్దున్నే కాకరకాయ రసం తాగితే మాత్రలే అక్కర్లేదని మరొకరు.

ఇప్పుడు నా వంట ఇలా నడుస్తోంది. మా వారికి కొర్రన్నం, ఉప్పు లేని కూర. అత్తమ్మకు పళ్లు లేవు కాబట్టి మెత్తగా ఉడికిన అన్నం, చారు. బిడ్డ ఫోనులో కేలరీలు లెక్క చూసుకుంటూ రాత్రిపూట నాలుగు కీరదోస ముక్కలు తిని పడుకుంటుంది. ఎవరు ఏది వదిలేస్తే అది నా పళ్లెంలోకి వస్తుంది. మా వారు కొర్రన్నం సగంలోనే చేయి కడుక్కుంటారు. సాయంత్రం చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిన్న సంగతి చొక్కా మీది నూనె మరక చెబుతుంది. నేను అడుగుతాను, ఆయన కోప్పడతారు, అత్తమ్మ మధ్యలో వస్తుంది, బిడ్డ లేచి వెళ్లిపోతుంది. రోజూ ఇదే.

అత్తమ్మ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. నడుము వంగిపోయింది, మోకాళ్లు ముడుచుకోవు. ఆమెకు పచ్చి పులుసు లేనిదే ముద్ద దిగదు. పులుపు తింటే కీళ్లు ఇంకా పట్టేస్తాయని అంటున్నారు, మానిపించాలా?

షుగర్ ఉన్న మనిషి, ముసలి మనిషి, ఎదిగే పిల్ల ఒకే గిన్నెలోంచి తినడం కుదురుతుందా? మీ ఇళ్లలో ఎలా వండుకుంటున్నారో చెప్పండి.

పాలమూరు పెద్దమ్మ:

కుదురుతుంది చెల్లీ. మహబూబ్‌నగర్‌లో కాలేజీ దగ్గర చాలా ఏళ్లు మెస్సు నడిపాను. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు, షుగర్ ఉన్న గుమస్తాలు, కడుపులో మంటతో బాధపడే లెక్చరర్లు అందరూ ఒక్క పొయ్యి మీది వంటే తిన్నారు. వంట ఒకటే. వడ్డన మాత్రం మనిషిని బట్టి.

ముందు మీ వారి కొర్రన్నం సంగతి. ఇల్లంతా తెల్లన్నం తింటుంటే ఒక్కరికే వేరే గిన్నెలో వేరే రంగు అన్నం పెట్టారనుకోండి, అది ఎంత మంచిదైనా ఆ మనిషికి శిక్షలాగే అనిపిస్తుంది. శిక్ష పడ్డవాడు చౌరస్తాకు వెళ్లడం వింత కాదు. అదే కొర్రలు ఇంట్లో అందరి పళ్లెంలో ఉంటే తిండి అవుతాయి. అందుకని ఏ ధాన్యం వండినా నలుగురికీ వండండి. రోజూ కొర్రలే అక్కర్లేదు. మన నేల జొన్నల నేల. నాకు తెలిసిన ఇళ్లలో పచ్చజొన్న గట్క (ఉడికించిన జొన్నరవ్వ), జొన్న రొట్టె, తైదల (రాగుల) అంబలి రోజువారీ తిండి, తెల్లన్నం పండుగకు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తీరింది, ఆ మేలు నేను మరిచిపోను. కానీ అప్పటి నుంచి మూడు పూటలూ బియ్యమే అయ్యింది. ఇప్పుడు మళ్లీ ఒక పూట జొన్నలకు ఇస్తే చాలు.

మా ఇంట్లో ఇప్పుడు నడిచేది ఇది. పొద్దున తైదల అంబలి. రాత్రే తైదపిండి నీళ్లలో కలిపి పులవనిచ్చి, పొద్దున్నే మరిగే నీళ్లలో పోసి, ఉండకట్టకుండా కలుపుతూ ఉడికించి, చల్లారాక మజ్జిగ, తరిగిన ఉల్లిగడ్డ, ఉప్పు. మధ్యాహ్నం అన్నం, ఆకుకూర వేసిన పప్పు, ఒక కూరగాయ, మజ్జిగ. పప్పులో ఆకుకూర అంటే పేరుకు నాలుగు ఆకులు కాదు, పప్పు కంటే కూర ఎక్కువ కనిపించాలి. పుంటికూర (గోంగూర), గంగవాయిలి, పాలకూర, చింతచిగురు వచ్చే రోజుల్లో చింతచిగురు. సాయంత్రం ఆకలికి బొబ్బర్లు, అంటే అలసందలు, ఉడికించి పోపు పెట్టిన గుడాలు. బజ్జీలకు పోటీ ఇవ్వగలిగింది అదే, ఎందుకంటే అందులో పచ్చిమిర్చి ఘాటు ఉంటుంది, నమలడానికి పని ఉంటుంది. మీ వారు చౌరస్తాకు బయలుదేరే వేళకు అది వేడివేడిగా సిద్ధంగా ఉండేలా చూడండి. బజ్జీల మాట ఎత్తవద్దు.

రాత్రికి జొన్న రొట్టె. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే రొట్టె సరిగా రాక చాలామంది జొన్నల్నే వదిలేస్తున్నారు. గోధుమపిండిలో సాగే గుణం ఉంటుంది, జొన్నపిండిలో ఉండదు. అది అతుక్కోవాలంటే మరిగే నీళ్లే దిక్కు. రెండు గ్లాసుల పిండికి దాదాపు రెండు గ్లాసుల నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా తెర్లనివ్వండి. పొయ్యి ఆపి పిండి పోసి, గరిటె కాడతో కలిపి మూత పెట్టండి. చేయి పట్టేంత వేడికి వచ్చాక పీట మీద వేసి అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసకాలి. చేయి తడుపుకుంటూ పిసికితే పిండి మెత్తబడి నున్నగా అవుతుంది, ఉండ చేసి నొక్కితే అంచు పగలకూడదు. పగిలితే ఇంకా పిసకాలి. పొడిపిండి చల్లుకుని, ఒక చేత్తో తట్టుతూ రెండో చేత్తో అంచు సర్దుతుంటే రొట్టె తనంతట తానే తిరుగుతుంది. బాగా కాగిన పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడవండి. ఆ తడి ఆరగానే తిప్పండి. రెండో వైపు కాలాక గుడ్డతో అంచులు నొక్కితే బూరెలా పొంగుతుంది. కొత్తలో పెద్దగా చేయవద్దు, అరచేయంత చాలు.

మీ అత్తమ్మకు అదే రొట్టె వేడిగా ఉండగానే ముక్కలు చేసి పప్పులో నానబెట్టండి, లేదా మజ్జిగలో. పది నిమిషాల్లో మెత్తగా దిగిపోతుంది. ఆ పూట రొట్టె వద్దంటే జొన్నరవ్వతో గట్క ఉడికించి పెట్టవచ్చు. వేరే వంట కాదు, అదే కూర, అదే పప్పు.

ఇక చాయ్. మీ వారు రోజుకు ఎన్ని కప్పులు తాగుతారో, ప్రతి కప్పులో ఎన్ని చెంచాల చక్కెర పడుతుందో చూడండి. నాలుగు కప్పులకు రెండేసి చెంచాలంటే దాదాపు 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలంటోంది, అదీ షుగర్ లేనివారికి. ఇంట్లో పోలెలు (బొబ్బట్లు) చేసిన పండుగ నాడు ఆయన ఒక పోలె తింటే నలుగురూ కళ్లెర్రజేస్తారు, రోజూ తాగే చాయ్ ఎవరి కంటా పడదు. చాయ్ చక్కెర ఇంటిల్లిపాదికీ తగ్గించండి, పండుగ పోలె ఆయన చేతికి మీరే ఇవ్వండి, ఆ పూట అన్నం అంతమేరకు తగ్గించండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది: పళ్లెం ముందు కూర్చున్నాక ఎవరి పళ్లెం గురించీ ఎవరూ మాట్లాడకూడదు. ఎంత తిన్నావు, ఇంకా పెట్టుకోలేదేం, అంత అన్నమా, ఇవేవీ వద్దు. గిన్నెలు మధ్యలో పెట్టి ఎవరిది వాళ్లను పెట్టుకోనివ్వండి. షుగర్ మాటలు, బరువు మాటలు కావాలంటే మధ్యాహ్నం ఎండలో మాట్లాడుకోండి, అన్నం దగ్గర కాదు. బిడ్డ కూడా అదే బల్ల దగ్గర, అదే వేళకు కూర్చోవాలి. కొంచెమే పెట్టుకున్నా కూర్చోవాలి. మీరు కూడా వాళ్లతోనే కూర్చోవాలి చెల్లీ. మిగిలింది తినడం మీ పని కాదు. మీ పళ్లెం మీరు ముందే పెట్టుకోండి.

అత్తమ్మ పచ్చి పులుసు మాత్రం మానిపించవద్దు. కాల్చిన పచ్చిమిర్చి, చింతపండు రసం, ఉల్లిగడ్డ, వేయించి పొడి చేసిన నువ్వులు, చివర పోపు. అంత మంచి వస్తువు ఆమె నుంచి లాక్కోవడానికి నాకు కారణం కనిపించడం లేదు. కీళ్ల సంగతి తెలిసినవారు ఎవరైనా చెప్పండి.

నర్సు, దేవరకొండ:

పెద్దమ్మ గారు అడిగారు కాబట్టి చింతపండుతోనే మొదలుపెడతాను. చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. అంటే మన ప్రాంతంలో పులుపు శత్రువు కాదు. అయితే ఇప్పటికే వంగిన ఎముక చింతపండుతో నిటారుగా కాదు, దాన్ని మందు అనుకోవద్దు. ముఖ్యమైనది నీళ్లు. తాగడానికి మిషన్ భగీరథ కుళాయి నీళ్లు పట్టుకుని, వంటకు మాత్రం బోరు నీళ్లు వాడే ఇళ్లు మన దగ్గర ఇంకా చూస్తున్నాను. అన్నం, పప్పు ఆ నీళ్లనే పీల్చుకుంటాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై పోయిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని శాతం పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు వంటకు కూడా పనికిరావు. కాల్షియం ఉన్న తిండి పేగుల్లో ఫ్లోరైడ్‌ను కొంత అడ్డుకుంటుంది, అందుకే తైదలు, పాలు, మజ్జిగ, నువ్వులు మీ అత్తమ్మకు మంచివి. నల్ల ఉప్పులో, డికాషన్ చాయ్‌లో ఫ్లోరైడ్ ఉంటుంది, అవి తగ్గించండి.

జొన్నల గురించి ఒక మాట. వంద గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాముల దాకా ఉంటుంది, పాలిష్ బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. చక్కెర మెల్లగా పెరగడానికి అది సాయం. కానీ శక్తి రెండింటిలోనూ ఇంచుమించు సమానమే. జొన్నలు కదా అని ఐదు రొట్టెలు తింటే ఉపయోగం లేదు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పో గుడ్డో చికెనో. మిగిలిన పావు అన్నమో రొట్టెనో. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి చెప్పిన లెక్క కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250, పప్పులు 85. మన ఇళ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. ఉప్పు లేని కూర ఆయన ఒక్కరికే ఎందుకు? రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు అందరికీ వర్తిస్తుంది, అందరి కూరలోనూ కాస్త తగ్గించండి.

కాకరకాయ రసం తాగుతున్నా మాత్రలు మాత్రం సొంతంగా ఆపవద్దు. మాత్ర వేసుకుని భోజనం మానేయడం ఇంకా ప్రమాదం. కొన్ని మాత్రలతో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే చక్కెర నీళ్లు ఇచ్చి ఆసుపత్రికి రండి. సగం అన్నం వదిలేసి లేచే మనిషి కాబట్టి చెబుతున్నాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ అమ్మాయి. నెలసరి తప్పుతోందా, జుట్టు రాలుతోందా, లేవగానే కళ్లు తిరుగుతున్నాయా, తిన్న తర్వాత బాత్రూములో ఎక్కువసేపు ఉంటోందా, గమనించండి. అడిగేటప్పుడు బరువు గురించి కాకుండా, ఒంట్లో ఎలా ఉంది, నిద్ర పడుతోందా అని అడగండి. ఇందులో ఏదైనా ఉంటే డాక్టరుకు చూపించండి. మనసు విప్పి మాట్లాడాలంటే టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

హుజూర్‌నగర్ రైతు:

అందరూ బియ్యాన్ని పక్కన పెడుతుంటే మనసు ఒప్పక రాస్తున్నాను. మాది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. 1967లో కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత మా తాతల మెట్టచేలు వరిమడులయ్యాయి, ఆ వడ్లతోనే మేం చదువుకున్నాం. రేషన్‌లో సన్నబియ్యం పంపిణీ 2025 ఉగాదికి మా హుజూర్‌నగర్‌లోనే మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. కూలికి వెళ్లే ఇంట్లో ఆ బియ్యమే ఆధారం. చేతికి వచ్చిన బియ్యం వదిలి, డబ్బు పెట్టి కొర్రలు కొనమని వాళ్లకు ఎలా చెబుతాం? అన్నం విషం అనే మాట విన్నప్పుడల్లా బాధగా ఉంటుంది. మా నాన్నకూ షుగర్ ఉంది. ఆయన అన్నమే తింటారు, పొలం గట్ల మీద నడుస్తారు, ఆయన రిపోర్టు చూసి డాక్టరు తృప్తిగానే ఉన్నారు.

పాలమూరు పెద్దమ్మ:

తమ్ముడూ, మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. అన్నాన్ని విషం అనేవాళ్లను నేనూ సహించను. మా వైపు నుంచి ఎందరు బొంబాయికీ, పుణెకూ వలసపోయారో మీకు తెలుసు. అక్కడి పనుల్లో వాళ్లకు గుప్పెడు అన్నం ఎంత విలువైందో చూసినవాళ్లం.

రేషన్ బియ్యం మాత్రమే ఉన్న ఇంటికి నేను చెప్పేది ఇది. బియ్యం మార్చనక్కర్లేదు, పక్కన పెట్టేది మార్చండి. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోటు పప్పుకూరతో నింపండి. గంగవాయిలి కూర చేల గట్ల మీద ఊరికే దొరుకుతుంది. మునగచెట్టు ఒక్కటి పెరట్లో ఉంటే ఏడాదంతా ఆకు. ఉలవలు, బొబ్బర్లు చికెన్ కంటే ఎంతో చవక. గంజి పారబోయకుండా అన్నం వార్చకుండా వండుకోండి. ఇందులో దేనికీ సూపర్‌మార్కెట్‌కు వెళ్లక్కర్లేదు. మీ నాన్నగారి షుగర్ అదుపులో ఉండటంలో ఆ గట్ల మీది నడకకు పెద్ద వాటా ఉంది, అది ఆపనివ్వకండి.

మర్రిగూడ కోడలు:

అందరికీ చేతులెత్తి దండం. నర్సు అక్క చెప్పిన ప్రశ్నలు బిడ్డను మెల్లగా అడిగాను. నెలసరి తప్పుతోందట, నాకు చెప్పడానికి భయపడిందట. క్లాసులో ఎవరో లావు అన్నారని మొదలుపెట్టిందట. మా ఆడపడుచును తోడు తీసుకుని నల్లగొండలో డాక్టరమ్మకు చూపించాం, రక్తం తక్కువగా ఉందన్నారు, మాత్రలు రాశారు, మళ్లీ రమ్మన్నారు. ఫోనులో ఆ లెక్కల యాప్ తనే తీసేసింది. ఇంకా రాత్రి కొంచెమే తింటోంది, కానీ మాతో కూర్చుంటోంది.

వంటకు కూడా ఇప్పుడు భగీరథ నీళ్లే. అత్తమ్మ పచ్చి పులుసు ఆమెకే వదిలేశాం. మా వారి చాయ్‌లో చక్కెర తగ్గించాను, మా అందరి చాయ్‌లోనూ. రుచి తగ్గిందని సణిగారు కానీ తాగుతున్నారు. గుడాలు ఆయనకు బాగా నచ్చాయి.

జొన్న రొట్టె మాత్రం కుదరడం లేదు పెద్దమ్మా. మీరు చెప్పినట్టే నీళ్లు మరిగించి పిసికాను. తట్టుతుంటే అంచులు పగులుతున్నాయి, పెనం మీద వేసేటప్పుడు మధ్యలో చీలుతోంది. పిండి దుకాణంలో ప్యాకెట్ కొన్నాను.

పాలమూరు పెద్దమ్మ:

బిడ్డ మీతో కూర్చుంటోంది అన్నారు, అది చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇప్పుడే ఎక్కువ తినమని అడగకండి.

రొట్టె చీలడానికి కారణం ఆ ప్యాకెట్. జొన్నపిండి నిల్వ ఉంటే పట్టు పోతుంది, కాస్త చేదు కూడా వస్తుంది. జొన్నలే కొనండి, రాళ్లు ఏరి, కడగకుండా ఎండలో ఒక పూట ఆరబెట్టి గిర్నికి (పిండిమరకు) ఇవ్వండి. ఒకేసారి కిలో, మహా అయితే రెండు కిలోలు పట్టించండి, వారం పది రోజుల్లో అయిపోవాలి. సన్నగా పట్టమని చెప్పండి, రవ్వ తగిలితే అంచు పగులుతుంది. చేతిలో ఉన్న ప్యాకెట్ పిండి పారేయకండి, అందులో తరిగిన ఉల్లిగడ్డ, మెంతికూర, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, నూనె రాసిన గిన్నె అడుగున పలుచగా ఒత్తి, మూత పెట్టి సన్నసెగ మీద కాల్చండి. అది చీలినా పరవాలేదు, ఎలాగూ ముక్కలు చేసుకునే తింటారు.